నొప్పి మాత్రా, ఫ్లూ టీకా: ఏది ముందు, ఏది వెనుక?

వర్షాకాలం మొదలైతే మా భవానీపురంలోని నా వైద్యశాలకు పడిశాలు, దగ్గులు, ఒళ్లునొప్పులు వరుస కడతాయి. కృష్ణమ్మకు కొత్త నీరు రావడం, పున్నమి ఘాట్ వైపు నుంచి చల్లగాలి వీచడం, పెద్దవాళ్లు దుప్పటి కప్పుకొని వైద్యుని గుమ్మం ఎక్కడం ఇక్కడ ఏటేటా చూసే దృశ్యాలే. అలాంటి ఒకనాటి సాయంత్రం పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చారు. ఆయన వయస్సు 72 సంవత్సరాలు. మా వీధివారే. వారి కుటుంబానికి చాలా కాలంగా నేనే వైద్యుణ్ణి.

"డాక్టరు గారూ, రేపు ఫ్లూ టీకా వేయించుకోబోతున్నాను. చెయ్యి నొప్పి పెట్టకుండా, జ్వరం తగలకుండా ఈ రాత్రే ఒక మాత్ర వేసుకోమని మా కోడలు పట్టుబడుతోంది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఫోను చేసి, అలా ముందుగా వేసుకోవద్దు నాన్నా అంటోంది. ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు?" అని అడిగారు.

"ఆ సంగతి చెబుతాను గాని మాష్టారూ, ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పండి. మీరు రోజూ నొప్పి మాత్ర ఏదైనా వాడుతున్నారా?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చొక్కా జేబులోంచి సగం ఖాళీ అయిన మాత్రల పట్టీ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. "మోకాళ్లకండీ. రెండేళ్లయింది. మందుల షాపులో ఇచ్చారు. మీకు చెబితే కోప్పడతారని చెప్పలేదు" అన్నారు.

ఈ వ్యాసం ఆ పట్టీ గురించి. ఆయన వేసిన ప్రశ్నకు సమాధానం చిన్నదే, ముందే చెప్పేస్తాను. అమ్మాయి మాట సరైనది. టీకాకు ముందు, ఇంకా రాని నొప్పి కోసం మాత్ర వేసుకోనక్కరలేదు. టీకా తరువాత నిజంగా బాధ కలిగితే కోడలి మాట ప్రకారం పారాసిటమాల్ వేసుకోవచ్చు. అయితే ఆయన అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. అది జేబులోని పట్టీలో ఉంది. మన ఇళ్లలోని పెద్దలకు సంబంధించినంత వరకు అదే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

జ్వరం శత్రువా? వార్తాహరుడా?

నేను కళాశాలలో చదివిన వైద్యుణ్ణి కాను. గురువుగారి ఇంట ఎనిమిదేళ్లు ఉండి, ఆయన నూరమన్నది నూరి, చదవమన్నది చదివి ఈ శాస్త్రం నేర్చుకున్నాను. జ్వర చికిత్స చెప్పేటప్పుడు ఆయన ఒక విషయాన్ని పదే పదే మా చేత వల్లె వేయించేవారు. కొత్తగా వచ్చిన జ్వరానికి చరక సంహిత చెప్పిన ఉపాయాలలో లంఘనం, స్వేదనం, యవాగువు అనే గంజి, చేదు రసాలతో పాటు 'కాలం' కూడా ఒకటి. అంటే కాసేపు వేచి ఉండడం కూడా చికిత్సే! ఒళ్లు వెచ్చబడగానే దానిని చల్లార్చడానికి పరుగెత్తడం వైద్యం కాదని, ఆ వేడి ఎందుకు పుట్టిందో ముందు ఆలోచించమని ఆ మాటలోని తాత్పర్యం.

టీకా వేయించుకున్న నాటి రాత్రి కలిగే కొద్దిపాటి జ్వరాన్ని, చేతి నొప్పిని ఈ దృష్టితో చూడాలి. ఫ్లూ టీకాలలో మన దేశంలో ఎక్కువగా వాడేవి నిర్జీవమైన టీకాలు. వాటిలో రోగాన్ని పుట్టించగల సజీవ క్రిమి ఉండదు, వైరస్ తాలూకు భాగాలు మాత్రమే ఉంటాయి. శరీరం ఆ భాగాలను పరాయివిగా గుర్తించి, సూది గుచ్చిన చోటికి రక్తకణాలను పంపుతుంది. అక్కడ వాపు, నొప్పి కలుగుతాయి. కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. సుమారు రెండు వారాలలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు తయారవుతాయి. ఆ చిన్న బాధ శరీరం పని ప్రారంభించిందనడానికి ఒక గుర్తు. అయితే బాధ కలగనివారికి టీకా పని చేయలేదని అర్థం కాదు సుమా! ఏ బాధా లేకుండానే చక్కని రక్షణ పొందేవారు అనేకులు.

ఇక నొప్పి మాత్ర ఏం చేస్తుంది? ఈ రహస్యాన్ని 1971లో ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ అనే శాస్త్రవేత్త విప్పి చెప్పారు. ఆస్పిరిన్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయని ఆయన కనుగొన్నారు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతి లభించింది. వాపు, నొప్పి, జ్వరం కలగడంలో ఈ ప్రోస్టాగ్లాండిన్ల పాత్ర ఉంది గనుక అవి తగ్గితే బాధ తగ్గుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటివన్నీ ఈ కుదురులోనివే. పారాసిటమాల్ వీటికి కొంచెం దూరపు చుట్టం. అది జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తుంది గాని వాపు మీద దానికి అంత బలం లేదు.

ప్రోస్టాగ్లాండిన్లకు ఉన్న పని నొప్పిని పుట్టించడం ఒక్కటే కాదు. ప్రతిరక్షకాలను తయారు చేసే కణాలకు కూడా వీటితో అవసరం ఉంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఐబుప్రోఫెన్ వంటి మందులు కలిపినప్పుడు మానవ కణాలు ప్రతిరక్షకాలను తక్కువగా తయారు చేశాయని తేలింది. అది గాజు పాత్రలో పెంచిన కణాల మీద జరిగిన పరీక్ష. గాజు పాత్రలో జరిగినదంతా మనిషి దేహంలో అదే తీరున జరుగుతుందని చెప్పలేము. కానీ ఆలోచించవలసిన సంగతి అని మాత్రం ఒప్పుకోక తప్పదు.

పసిపిల్లల్లో ఒక తీరు, పెద్దల్లో ఒక తీరు

మనుషుల మీద జరిగిన పరీక్షలలో బాగా పేరు పొందినది చెక్ రిపబ్లిక్‌లో జరిగింది. 459 మంది ఆరోగ్యవంతులైన పసిపిల్లలను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి టీకాలు వేసిన మొదటి రోజునే, జ్వరం రాకముందే, క్రమం తప్పకుండా పారాసిటమాల్ ఇచ్చారు. రెండవ వర్గానికి అలా ఇవ్వలేదు. మందు ఇచ్చిన పిల్లలకు జ్వరాలు తగ్గాయి. దానితో పాటు అనేక టీకాలకు తయారైన ప్రతిరక్షకాల మోతాదు కూడా తగ్గింది. 2009లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చిన తరువాత, టీకాకు ముందు జ్వరం మందు పట్టించే అలవాటును వైద్యలోకం పునరాలోచించింది.

ఇక్కడ మనం తొందరపడకూడదు. అవి పసిపిల్లలపై జరిగిన పరీక్షలు. ఆ టీకాలు ఫ్లూ టీకాలు కావు. వృద్ధుల విషయంలో ఏమైంది? 1994లో అమెరికాలో వృద్ధులకు ఫ్లూ టీకాతో పాటు పారాసిటమాల్ ఇచ్చి చూశారు. ప్రతిరక్షకాలు తగ్గలేదు. ఈ మాటను దాచిపెట్టి, చెక్ దేశపు పరీక్షను మాత్రమే చూపించి, "చూశారా, మాత్ర వేసుకుంటే టీకా వృథా!" అని భయపెట్టే వ్యాసాలు నేను చదివాను. అది సత్యానికి చేసే సేవ కాదు. టీకా వేయించుకున్న రాత్రి జ్వరం వచ్చి ఒక పారాసిటమాల్ వేసుకున్న పెద్దలు, తమ టీకా పాడైపోయిందని దిగులు పడవలసిన అవసరం ఎంత మాత్రమూ లేదు.

ఈ రెండు రకాల పరీక్షలనూ కలిపి చూస్తే నాకు బోధపడినది ఇది. ఎప్పుడు వేసుకున్నాం, ఎందుకు వేసుకున్నాం అనేవి ముఖ్యం. రాని బాధకు ముందుగా వేసుకునే మాత్ర వల్ల కలిగే లాభం స్వల్పం, నష్టానికి కొంత అవకాశం ఉంది. వచ్చిన బాధకు వేసుకునే మాత్ర వల్ల లాభం ఉంది, నష్టం ఉన్నట్లు రుజువు లేదు. 2021లో కరోనా టీకాల సందర్భంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే పద్ధతిని చెప్పింది. బాధలు రాకుండా ముందుగా నొప్పి మాత్రలు వేసుకోవద్దని, తరువాత అవసరమైతే వాడవచ్చని దాని సలహా.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక హెచ్చరిక

ఈ చర్చ ఎక్కడో విదేశాలలో జరిగినది మాత్రమే కాదు. మన తెలుగు నేల మీదనే జరిగింది. 2022 జనవరి 3న 15 నుంచి 18 సంవత్సరాల పిల్లలకు కోవాక్సిన్ టీకా వేయడం మొదలైంది. కొన్ని కేంద్రాలలో టీకాతో పాటు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు మూడు వేసుకోమని పిల్లలకు చెబుతున్నట్లు ఆ టీకాను తయారు చేసిన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దృష్టికి వచ్చింది. రెండు రోజులకే ఆ సంస్థ ఒక ప్రకటన చేసింది. కోవాక్సిన్ తరువాత పారాసిటమాల్‌ను గాని, నొప్పి మాత్రలను గాని తాము సిఫారసు చేయడం లేదని చెప్పింది. సుమారు 30,000 మందిపై జరిపిన పరీక్షలలో 10 నుంచి 20 శాతం మందికి మాత్రమే బాధలు కలిగాయని, వాటిలో ఎక్కువ భాగం స్వల్పమైనవని, ఒకటి రెండు రోజులలో తగ్గిపోయాయని, మందు అవసరమైతే వైద్యుని అడిగి వాడాలని వివరించింది. మరికొన్ని టీకాలకు పారాసిటమాల్ చెప్పినంత మాత్రాన అన్నిటికీ అదే వర్తించదని కూడా ఆ ప్రకటనలోని భావం.

2020 డిసెంబరు చివర కరోనా టీకా పంపిణీకి సన్నాహంగా నమూనా ప్రక్రియ జరిగిన జిల్లాలలో మన కృష్ణా జిల్లా ఒకటి. 2021 జనవరి 16న రాష్ట్రంలో టీకా కార్యక్రమం మన విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనే ప్రారంభమైంది. ఆ సంవత్సరం మార్చి నుంచి 60 ఏళ్లు దాటినవారికి టీకాలు వేయసాగారు. నేనూ వరుసలో నిలబడ్డాను. ఒక చేతికి సూది, మరొక చేతిలో మాత్రలు! ఇచ్చినవారిని తప్పు పట్టను. జ్వరానికి భయపడి జనం రెండవ మోతాదుకు రాకుండా పోతారేమోనన్నది వారి ఆందోళన. కానీ "జ్వరం వస్తేనే వేసుకోండి" అన్న రెండు మాటలు అక్కడ చాలామందికి వినబడలేదు. ఇంటికి వెళ్లగానే అన్నం తిని, జ్వరం ఉన్నా లేకపోయినా పూటకొక మాత్ర మింగినవారిని నేను ఎందరినో చూశాను. మందు కంటే ముందు దానిని వాడే పద్ధతిని అందించాలి. ఈ సంగతి ఏ వైద్య విధానానికైనా సమానమే.

నేను చేసిన తప్పు

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ అనిపించుకోదు.

మా అన్నయ్య దివిసీమలో వ్యవసాయం చేసేవారు. జీవితమంతా వరి మడిలో వంగి పని చేసిన మనిషి. 70 దాటేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. కొన్నేళ్ల క్రితం, ఊరికి వచ్చిన ఒక బంధువు ఆయనను ఫ్లూ టీకా వేయించుకోమన్నాడట. అన్నయ్య నాకు ఫోను చేసి, "ఏరా తమ్ముడూ, వేయించుకోమంటావా?" అని అడిగారు. నేను ఏ మాత్రం ఆలోచించకుండా, "మనకు ఈ సూదులెందుకు అన్నయ్యా? చ్యవనప్రాశ పంపుతాను, తినండి" అన్నాను. ఆయన సరేనన్నారు. తమ్ముడు వైద్యుడు గదా!

ఆ ఏడు భాద్రపదంలో ఆయనకు ఫ్లూ జ్వరం తగిలింది. మూడు రోజులు సరిగా అన్నపానీయాలు లేవు. ఒళ్లునొప్పులకు, జ్వరానికి ఊళ్లోని ఒక వైద్యుడు ఇచ్చిన నొప్పి మాత్రలను పూటకొకటి చొప్పున మింగారు. అవి మోకాళ్లకు ఏడాది పొడవునా వాడుతున్న మాత్రలే. మూత్రం తగ్గిపోయింది, మనిషి మగతగా పడి ఉన్నారు. విజయవాడ తీసుకువచ్చి ఆసుపత్రిలో చేర్చాము. పరీక్షలో ఫ్లూ వైరస్ ఉన్నట్లు తేలింది. మూత్రపిండాలు దెబ్బ తిన్నాయన్నారు. 12 రోజులకు బయటపడ్డారు గాని, తిరిగి పొలం గట్టు ఎక్కలేదు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న నాతో ఆయన, "నువ్వు వద్దన్నావని వేయించుకోలేదురా" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నారు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

టీకా వేయించుకొని ఉంటే ఆ జ్వరం వచ్చేదే కాదని నేను ఖాయంగా చెప్పలేను. ఫ్లూ టీకా నూటికి నూరు పాళ్లూ కాపాడేది కాదు. ఆ ఏటి వైరస్‌కు టీకా సరిపోయినప్పుడు కూడా వైద్యుని వద్దకు వెళ్లవలసి వచ్చే జబ్బును సుమారు 40 నుంచి 60 శాతం వరకు తగ్గిస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంచనా. వృద్ధులలో అది ఇంకా తక్కువగా ఉండవచ్చు. కాని ఆసుపత్రి పాలు కాకుండా కాపాడడంలో దాని మేలు కాదనలేనిది. నేను చేసిన తప్పు రెండు విధాలైనది. తెలియని విషయంలో తెలిసినట్లు సలహా ఇవ్వడం ఒకటి. "అన్నయ్యా, మీరు రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు?" అని ఏనాడూ అడగకపోవడం రెండవది. నాడి చూసే అలవాటు ఉన్న నేను, ఆయన జేబు చూడలేదు.

వృద్ధుల దేహం వేరు

యువకుని దేహం టీకాకు స్పందించినంత చురుకుగా వృద్ధుని దేహం స్పందించదు. అందుకే 65 ఏళ్లు దాటినవారి కోసం కొన్ని దేశాలలో సాధారణ టీకా కంటే నాలుగు రెట్లు ఎక్కువ మోతాదు గల ఫ్లూ టీకాను తయారు చేశారు. 2022 నుంచి అమెరికాలో ఆ వయస్సువారికి అటువంటి బలమైన టీకాలనే ముందుగా ఎంచుకోమని సిఫారసు చేస్తున్నారు. అసలే బలహీనమైన స్పందన గలవారు దానిని ఇంకా తగ్గించే అవకాశం ఉన్న పనిని, అది ఎంత చిన్నదైనా సరే, అవసరం లేకుండా ఎందుకు చేయాలి?

రెండవది మూత్రపిండాల సంగతి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేటట్లు చూసేవి కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. జ్వరంతో, విరేచనాలతో, ఆహారం లేక శోషించిన వృద్ధుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు మింగితే ఆ రక్షణ పోతుంది. రక్తపోటు మాత్రలు, మూత్రం జారీ చేసే మాత్రలు వాడేవారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జీర్ణాశయంలో పుండ్లు పడడం, రక్తస్రావం కావడం, గుండెకు భారం కలగడం ఇవన్నీ అదనం. టీకా ఫలితం కొంత తగ్గుతుందా లేదా అన్న చర్చ కంటే, నిత్యం నొప్పి మాత్ర మింగే అలవాటే మన పెద్దల పాలిట పెద్ద ప్రమాదమని నేను అనడం ఇందుకే.

అయితే నొప్పిని పళ్ల బిగువున భరించమని నేను చెప్పడం లేదు. తీవ్రమైన నొప్పి నిద్రను హరిస్తుంది. నిద్ర లేని దేహం టీకాకు సరిగా స్పందించదు. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వరుసగా కొన్ని రాత్రులు నాలుగు గంటలు మాత్రమే నిద్రపోనిచ్చిన యువకులకు ఫ్లూ టీకా వేస్తే, పది రోజుల తరువాత వారి ప్రతిరక్షకాలు చక్కగా నిద్రించినవారిలో సగం కూడా లేవు. కనుక రాత్రంతా మూలుగుతూ గడపడం కంటే తగిన మాత్ర వేసుకొని నిద్రపోవడమే మేలు.

నా తోటి వైద్యులకు ఒక విన్నపం

ఆయుర్వేద వైద్యులలో కొందరు నా మీద కోపగించవచ్చు. "మన శాస్త్రంలో వ్యాధిక్షమత్వం అనే గొప్ప భావన ఉండగా టీకాలతో మనకేమి పని?" అని అంటారు. వ్యాధిక్షమత్వాన్ని చక్రపాణి దత్తుడు రెండు విధాలుగా వివరించాడు. వచ్చిన వ్యాధి బలాన్ని ఎదిరించడం ఒకటి, వ్యాధి పుట్టకుండా అడ్డుకోవడం మరొకటి. టీకా చేసే పని ఈ రెండింటికీ విరుద్ధం కాదని నా మనవి. బయటి నుంచి బలం తెచ్చి ఇవ్వడం కాక, దేహంలోని బలాన్నే అది మేల్కొలుపుతుంది.

మరి కొందరు చరక సూత్రస్థానం ఏడవ అధ్యాయాన్ని చూపించి, సహజ వేగాలను అణచరాదని చెప్పారు గనుక జ్వరాన్ని అణచడం శాస్త్ర విరుద్ధమంటారు. అక్కడ చెప్పిన 13 వేగాలలో మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర వంటివి ఉన్నాయి. జ్వరం లేదు. పోలికగా చెబితే బాగుంటుంది గాని, ప్రమాణంగా చెప్పకూడదు. లేని వాక్యాన్ని శాస్త్రం నోట పలికించడం గురుద్రోహం.

ఇంకొక కఠినమైన మాట. నొప్పి మాత్రలను విమర్శించే మనం మన మందులను కూడా అదే త్రాసులో తూచాలి. వాపు తగ్గిస్తుందని శల్లకిని, గుగ్గులును, పసుపు సారం గొట్టాలను అమ్ముతూ, వాటి వల్ల దేహంలో ఏ మార్పూ రాదని చెప్పడం కుదరదు. వాపును అణచే గుణం నిజమైతే, టీకా నాడు వాటినీ కాస్త పక్కన పెట్టడమే వివేకం. ఇక చీటీ లేకుండా, పేరు లేకుండా, "వాతానికి ఆయుర్వేద పొడి" అని పొట్లాలు కట్టి అమ్మే వాటి సంగతి వేరే చెప్పాలా? ఒక్క రోజులో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అటువంటి పొడులలో స్టిరాయిడ్లు, నొప్పి మాత్రల పిండి కలిసి పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి. స్టిరాయిడ్లు వ్యాధి నిరోధక శక్తినే అణచివేస్తాయి.

పాటించవలసిన పద్ధతి

ఇళ్లలో పెద్దలు ఉన్నవారు ఈ విషయాలను గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

1. 60 ఏళ్లు దాటినవారు, ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఫ్లూ టీకా విషయం తమ వైద్యునితో మాట్లాడండి. వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది గనుక టీకా కూడా ఏటేటా వేయించుకోవాలి. మన ప్రాంతంలో వానలతో ఫ్లూ పెరుగుతుంది కాబట్టి వర్షాకాలానికి ముందే వేయించుకోవడం మంచిది.

2. టీకాకు ముందు, బాధ రాకుండా ఉండాలని ఏ నొప్పి మాత్రా వేసుకోకండి.

3. గుండె కోసం, పక్షవాతం రాకుండా వైద్యుడు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం మానకండి. అది నొప్పి కోసం ఇచ్చినది కాదు. దానిని మానితే ప్రాణానికే ముప్పు.

4. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, స్టిరాయిడ్ వంటివి వాడేవారు స్వయంగా మానకూడదు. ఫ్లూ టీకా తరువాత మెథోట్రెక్సేట్‌ను కొద్ది రోజులు ఆపే పద్ధతి ఉంది గాని, ఆపవచ్చో లేదో నిర్ణయించవలసినది మందు రాసిన వైద్యుడే.

5. టీకా వేసిన చోట తైలాలు, లేపనాలు పూయవద్దు, మర్దన చేయవద్దు. శుభ్రమైన తడి గుడ్డ వేయండి. చెయ్యిని మెల్లగా కదుపుతూ ఉండండి.

6. ఒళ్లు వెచ్చబడితే విశ్రాంతి, గోరువెచ్చని నీరు, పలుచని బియ్యపు జావ, ధనియాలు శొంఠి వేసి కాచిన నీరు తీసుకోండి. తుంగముస్తెలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి వేసి కాచే షడంగ పానీయం మంచి దాహశమని. వృద్ధులకు కఠినమైన లంఘనం పనికిరాదు. వారిని పస్తు ఉంచకండి.

7. జ్వరం, నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోండి. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యపానం చేసేవారు ముందుగా అడిగి వాడాలి. జ్వరం రెండు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకండి.

8. మోకాళ్ల నొప్పులకు వావిలాకు కాపడం, ఉప్పు మూట కాపడం, గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన, బరువు తగ్గడం, తొడ కండరాలకు రోజూ చిన్న వ్యాయామం అనేవి ముందు ప్రయత్నించండి. వీటి వల్ల నొప్పి పూర్తిగా పోకపోవచ్చు గాని, మాత్రల లెక్క తగ్గుతుంది.

అడగవలసిన ఒక్క ప్రశ్న

మన జాతీయ టీకా కార్యక్రమంలో వృద్ధులకు ఫ్లూ టీకా ఉచితంగా ఇచ్చే ఏర్పాటు లేదు. కొనుక్కోగలవారే వేయించుకుంటున్నారు. పింఛను మీద బతికే పెద్దలకు, పొలం పని చేసుకొనే మా అన్నయ్య వంటివారికి వార్డు సచివాలయంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఏడాదికొకసారి అది ఉచితంగా అందాలని నా అభిప్రాయం. కరోనా నాడు ఇంటింటికీ చేరిన వ్యవస్థకు ఇది అసాధ్యం కాదు.

టీకా వేసే ప్రతి చోటా, వేసే ముందు, "మీరు రోజూ వాడే నొప్పి మాత్రలు ఏమిటి?" అని ఒక ప్రశ్న అడగాలి. దానికి ఖర్చు లేదు. అల్లోపతి వైద్యుడైనా, ఆయుర్వేద వైద్యుడైనా, ఇంట్లో కొడుకైనా, కోడలైనా ఎవరైనా అడగవచ్చు. పెద్దలు దాచిపెడుతున్నారంటే తప్పు వారిది మాత్రమే కాదు. చెబితే కోప్పడతామని వారికి అనిపించేలా మనం ప్రవర్తించాము.

మాష్టారు ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. మరునాడు టీకా వేయించుకున్నారు. కొంచెం చెయ్యి నొప్పి పెట్టిందట, జావ తాగి పడుకున్నారట. నాలుగు రోజుల తరువాత వచ్చి జేబులోని పట్టీని మళ్లీ నా బల్ల మీద పెట్టారు. "ఇది మొత్తం మానలేనండీ. రోజూ కాకుండా, నొప్పి బాగా ఉన్ననాడే వేసుకుంటున్నాను. మూత్రపిండాల పరీక్ష కూడా చేయించుకుంటాను" అన్నారు.

నేను కోప్పడలేదు. వావిలాకు ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపించాను.